వియ్యపురాలి ఒక్కపొద్దులు

ఏప్రిల్ 28, సోమవారం

రూతుకు సెలవులిచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో ఒకటే గోల. హైదరాబాదు దగ్గరి ఆ పార్కుకు పోవాలట, నీళ్ళలోకి జారే బండి ఎక్కాలట. ఈ రోజు జోయెల్ ఒప్పుకున్నాడు. నా కొడుకు నా మాటైతే ఎన్నిసార్లైనా కాదంటాడు కానీ ఆరేళ్ళ కూతురి మాట ఒక్కసారి కూడా కాదనలేడు. మే మూడో వారంలో పోదామన్నాడు. పార్కుకు దగ్గర్లో వంటిల్లుతో సహా ఒక ఇల్లు రెండు రాత్రులకు అద్దెకు దొరుకుతుందట.

పార్కు లోపలికి బయటి తిండి రానివ్వరు. లోపల దొరికే ఇడ్లీ ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, బడి పిల్లలను తీసుకుపోయినప్పుడు తిన్నాను. కాబట్టి పొద్దున తినిపోవాలి, సాయంత్రం వచ్చి వండుకోవాలి. సరుకులు, చిరుతిండ్లు, వంట అంతా నాకు అప్పగించారు. నాకు సంతోషమే వేసింది, రిటైరయ్యాక నాకెవరు ఏం అప్పగిస్తున్నారు గనుక.

అంతా కుదిరాక రూతు మెల్లగా అంది, "అమ్మమ్మ, తాత గూడ రావాలె."

జోయెల్ సరేనన్నాడు. ఈయన సరేనన్నారు. కోడలు పద్మలత మాత్రం నా ముఖం చూసింది. నేను కూడా సరేనన్నాను. మొగిలమ్మ వదినెతో ఒకే ఇంట్లో మూడు రోజులు.

ఏప్రిల్ 29, మంగళవారం

నిద్ర పట్టలేదు. ఈ మాటలు ఎవరితోనూ అనలేను కనుక ఇక్కడ రాసుకుంటున్నాను.

మొగిలమ్మ వదినె పద్మలత తల్లి. ధర్మసాగర్ దగ్గరి పల్లెలో వాళ్ళకు వ్యవసాయం. మా పిల్లలిద్దరూ ప్రేమించి పెళ్ళి చేసుకుని ఎనిమిదేళ్ళయింది. ఈ ఎనిమిదేళ్ళలో ఆమె మా సుబేదారి ఇంటికి ఎన్నిసార్లు వచ్చిందో అన్నిసార్లూ ఆమెకు ఒక్కపొద్దే. రూతు పుట్టినప్పుడు ఒక్కపొద్దు. నా మోకాలి ఆపరేషనప్పుడు చూడడానికి వచ్చింది, ఒక్కపొద్దు. పోయిన క్రిస్మస్‌కు బిర్యానీ ఘుమఘుమలాడుతుంటే గోడకానుకొని కూర్చుంది, "నాకు ఒక్కపొద్దు వదినె, మీరు తినుండ్రి" అని. టీ కూడా తాగదు. నీళ్ళ సీసా వెంట తెచ్చుకుంటుంది. నాలుగు కాగానే బస్సుకు టైమైందని లేస్తుంది.

ఎప్పుడూ ఒట్టి చేతులతో మాత్రం రాదు. డబ్బా నిండా ఏదో ఒకటి తెస్తుంది. ఇస్తుంది గానీ పుచ్చుకోదు. ఇందులో ఉన్న కిటుకు నాకు తెలియదనుకుంటుందేమో. ఇచ్చే చెయ్యి పైన ఉంటుంది, పుచ్చుకునే చెయ్యి కింద ఉంటుంది.

ముప్పై ఏళ్ళు టీచరుగా చేశాను. స్టాఫ్ రూములో నేను డబ్బా తెరిచి "తీసుకోండి" అనగానే ఒకావిడకు పంటినొప్పి వచ్చేది, ఒకావిడకు కడుపు నిండిపోయేది, ఇంకొకావిడకు ఒక్కపొద్దు గుర్తొచ్చేది. ముఖాన నవ్వు చెరగకుండా మా తిండిని పక్కకు జరపడం ఎట్లాగో చదువుకున్నవాళ్ళ దగ్గరే చూశాను. అందుకే ఎవరైనా నా ముందు ఒక్కపొద్దు అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆమె భర్త మొండయ్య అన్నయ్య మాత్రం మా ఇంట్లో కడుపునిండా తింటాడు. ఈయన దాన్నే పట్టుకుని వాదిస్తారు. మగవాళ్ళకేం, ఎక్కడైనా తింటారు. పట్టింపులన్నీ ఆడవాళ్ళ చేతుల్లో ఉంటాయి. ఆ మొండయ్య అన్నయ్యకు ఒక అన్న ఉన్నాడు, పాండురంగం. పెళ్ళి విందులో లోపలికి రాకుండా బయట కుర్చీ వేసుకుని సోడా తాగి పోయాడు. ఇల్లంతా అదే రక్తం కదా.

మే 2, శుక్రవారం

రోజు నేనే కుదిర్చాను.

మా చర్చి క్యాలెండరులో తిథులుండవు. అందుకని పక్కింటి రాంచందర్ వాళ్ళింటికి పోయి గోడకున్న క్యాలెండరు చూశాను. ఆయన భార్య నవ్వింది. "ఏంది టీచరమ్మా, ముహూర్తం చూస్తానవా?"

"పనికి మనిషిని పిలవాలె, అమాస లేకుండ చూస్తాన" అన్నాను. అబద్ధమే.

సోమవారం శివుడిది. మంగళవారం హనుమంతుడిది. గురువారం సాయిబాబాది. శుక్రవారం అమ్మవారిది. శనివారం వెంకన్నది. ఆదివారం మాకు ఆరాధన. మిగిలింది బుధవారం. మే ఇరవై ఒకటి బుధవారం. ఏకాదశి కాదు, అమావాస్య కాదు, పౌర్ణమి కాదు. ఆ రోజు పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం భోజనం అద్దె ఇంట్లో నా చేతి వంట. ఏ దేవుడి పేరు చెబుతుందో చూస్తాను.

జోయెల్‌తో మాత్రం బుధవారం పోయి గురువారం పార్కు చూస్తే జనం తక్కువుంటారని చెప్పాను. "మంచి ఐడియా అమ్మా" అన్నాడు. వాడు అమాయకుడు.

మే 4, ఆదివారం

చర్చిలో ప్రసంగం మీద ధ్యాస నిలవలేదు. వంకాయ చేస్తే వంకాయ పడదంటుందేమో అనుకుంటూ కూర్చున్నాను.

చివరికి తేల్చాను. బుధవారం మధ్యాహ్నానికి అన్నం, పప్పు, బెండకాయ వేపుడు, పచ్చిపులుసు, పెరుగు. అన్నీ సులువుగా అయ్యేవే. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ కలపకుండా పక్కన పెడతాను, ఉల్లి తినను అనడానికి లేకుండా. కారం తగ్గిస్తాను, కడుపులో మంట అనడానికి లేకుండా. రాత్రికి పప్పే మిగులుతుంది. గురువారం పొద్దున పులిహోర, పార్కు నుంచి వచ్చాక ఉప్మా. మాంసం వండను. వాళ్ళూ తినేవాళ్ళే, కానీ దాన్ని సాకుగా చెప్పొచ్చు. రూతుకు, జోయెల్‌కు కోడిగుడ్లు ఉడకబెడతాను, అది కూడా వేరే గిన్నెలో.

మే 7, బుధవారం

బజారుకు పోయి కొత్త గిన్నెలు కొన్నాను. అన్నానికి ఒకటి, పప్పుకు ఒకటి, పచ్చిపులుసుకు ఒకటి, ఒక గరిటె, ఒక చిన్న గిన్నె. మా ఇంటి గిన్నెలకు వంక పెడుతుందేమోనని.

ఈయన స్టీలు మీది స్టిక్కర్లు చూసి కళ్ళజోడు సవరించుకున్నారు. "పార్కుకు పోతానవా, కోర్టుకు పోతానవా?"

"నీకు తెల్వదు, ఊకో."

"ఆమె తినకపోతే నీకేం తక్కువైతది ప్రమీలా?"

ఈయనను కలెక్టరాఫీసులో అందరూ సార్ అన్నారు, ఎవరి డబ్బా ఎవరు తిన్నారో చూసుకునే పని పడలేదు. అప్పుడు చెప్పేశాను. "ఈసారి గూడ నా చేతిది తినకపోతే నేను వాళ్ళ గడప తొక్క. వచ్చే నెల వాళ్ళ కొత్తింటి గృహప్రవేశానికి రాను. రూతును గూడ పంప."

"పద్మలత ఏమైతది మరి?"

నేను గిన్నెల మీది స్టిక్కర్లు గీకడం మొదలుపెట్టాను. ఆయన పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయారు. అన్నమాట మీద ఉంటాను. కొడుకు తిట్టుకున్నా, కోడలు ఏడ్చినా సరే.

మే 8

నాకేం పట్టింపు లేదు. ఆమె తింటే ఎంత, తినకపోతే ఎంత.

మే 10, శనివారం

నా అనుమానం నిజమే.

పద్మలత పెరట్లో ఫోన్లో మాట్లాడుతోంది. నేను ఆరిన బట్టలు తీయడానికి పోయాను, తీగ మీది దుప్పటి అడ్డం ఉండడంతో నన్ను చూడలేదు. తల్లితోనే. "ఈసారి గూడ అట్లనే చేస్తవా అమ్మా? ప్రయాణంల ఎట్లుంటవే? కండ్లు తిరుగుతయ్ నీకు" అంటోంది. అవతలి మాటలు వినబడలేదు. మళ్ళీ పద్మలత, "అత్తమ్మకు అనుమానం వస్తాంది. నేను చెప్త." కాసేపాగి, "సరే, చెప్ప. రూతు మీద ఒట్టెందుకు పెడ్తవ్" అంది.

దుప్పటి తీసేసరికి ఫోను పెట్టేసింది. "ఎవలు?" అన్నాను. "అమ్మ. ఊకెనే చేసింది అత్తమ్మా" అంది.

చూడు. నా కోడలు, నా ఇంట్లో, నా తిండి ఎట్లా తప్పించుకోవాలో తల్లితో కలిసి ఆలోచిస్తోంది. నా మనవరాలి మీద ఒట్లు పెట్టుకుంటున్నారు. ఏడుపొచ్చింది. బాత్రూములో నీళ్ళు వదిలి ఏడ్చాను.

మే 13, మంగళవారం

చిరుతిండ్లు మొదలుపెట్టాను. అటుకుల చుడువా అయింది, మడుగులు అయ్యాయి. పల్లి పట్టీలకు పాకం ముదిరింది, నా కోపమంతా దాని మీదే పడినట్టుంది. పద్మలత పక్కన కూర్చుని మడుగులు ఒత్తింది. మంచిపిల్లే. తల్లి లేనప్పుడు మంచిపిల్లే.

ఒత్తుతూ ఒత్తుతూ అంది, "అమ్మ గూడ బెల్లం అప్పాలు, సర్వపిండి తెస్తదట అత్తమ్మా."

"ఎందుకు? నేను చేస్తాన గదా."

"రూతుకు ఇష్టమని."

ఆమె తెచ్చినవి నేను తినను. ఇది వేరే సంగతి, దీన్నీ దాన్నీ ఒకటి చేయకూడదు. పెళ్ళయిన మొదటి దసరాకు డబ్బా పట్టుకొస్తే గుమ్మంలోనే అడిగాను, దేవుని ముందు పెట్టినవా అని. అవునంది. విగ్రహాల ముందు పెట్టింది మేం తినమమ్మా అని చెప్పి, పనిచేసే కట్టమ్మను పిలిచి డబ్బా అట్లాగే ఇచ్చేశాను. ఆమె ముందే. దాచిపెట్టి పారేయడం నాకు రాదు. అది మా విశ్వాసం. మనుషులను చిన్నచూపు చూడడం కాదు కదా.

అప్పట్నుంచి ఆమె ఏది తెచ్చినా గుమ్మంలోనే అంటుంది, "ఇయ్యి దేవునికి పెట్టనియ్యే వదినె" అని. అబద్ధం. వాళ్ళింట్లో అప్పం కాల్చినా, కొత్త బియ్యం వండినా ముందు దేవునికి పెట్టకుండా ఎవరూ నోట్లో వేసుకోరని పద్మలతే ఒకసారి చెప్పింది. చిన్నప్పుడు ఒక అప్పం ముందే తిన్నందుకు దెబ్బలు కూడా తిన్నదట. మరి ఇవి పెట్టనివి ఎట్లా అవుతాయి? నా గుమ్మంలో నిలబడి దేవుడి పేరు మీద అబద్ధం ఆడుతుంది. అందుకే అవన్నీ కట్టమ్మకే ఇస్తున్నాను.

మే 16

చుడువా తగ్గింది. రూతు పని. తిట్టలేదు.

మే 18, ఆదివారం

బియ్యం, కందిపప్పు, చింతపండు, ఉప్మా రవ్వ, నూనె, ఉప్పు, కారం, పోపుగింజలు వేర్వేరు సంచుల్లో కట్టాను. బెండకాయలు మంగళవారం సాయంత్రం కొంటాను, లేతగా ఉండాలి.

ముదిరిన బెండకాయ పెట్టానని కూడా నేను అనిపించుకోను.

మే 20, మంగళవారం

పద్మలత తన చేతిసంచిలో అరటిపండ్లు, గ్లూకోజు ప్యాకెట్టు సర్దుకుంటోంది. సరుకులన్నీ నా దగ్గర ఉండగా ఇవెందుకు? అడిగితే "దారిల ఎవలకన్న పనికొస్తయ్" అంది. ఎవరికో నాకు తెలుసు. ముందే ఏర్పాటు చేసుకున్నారు.

ఈయన రాత్రి ప్రార్థనలో "మనసులు కలుపు ప్రభువా" అన్నారు. నన్ను ఉద్దేశించే అన్నారు. నేను ఆమెన్ అనలేదు.

మే 21, బుధవారం, మధ్యాహ్నం

అద్దె ఇంటి పడకగదిలో తలుపేసుకుని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున వాళ్ళిద్దరూ కాజీపేట చౌరస్తాలో వ్యాను ఎక్కారు. ఎక్కుతూనే డబ్బా నా చేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది. "అప్పాలు, సర్వపిండి వదినె. ఇయ్యి దేవునికి పెట్టనియ్యే."

జనగామ దగ్గర టీకి ఆగాం. అందరూ దిగారు. మొగిలమ్మ వదినె వెనక సీట్లో కళ్ళు మూసుకుని ఉంది, నిద్రపోయిందనుకున్నాను. డబ్బా డ్రైవరుకిచ్చి "మీవాళ్ళతోని తినుండ్రి బాబు" అన్నాను. అతను అక్కడున్న నలుగురు డ్రైవర్లకు పంచాడు. ఖాళీ డబ్బా తెచ్చిచ్చి, "మస్తున్నయ్ మేడం" అన్నాడు. సంచి అడుగున పెట్టాను.

ఇల్లు చేరాక కొత్త గిన్నెల్లో వంట చేశాను. మంచిగా కుదిరింది. అందరూ చాప మీద కూర్చున్నారు. రూతు అమ్మమ్మ ఒళ్ళో ఎక్కింది. "అమ్మమ్మా, అప్పాలేవి?"

మొగిలమ్మ వదినె నా వైపు చూడకుండానే పిల్ల తల నిమిరింది. "ఊర్లనే మర్సొచ్చిన బిడ్డా. మల్ల చేసిస్త."

పద్మలత తల ఎత్తింది. "మర్సొచ్చుడేంది? పొద్దుగాల అత్తమ్మ చేతికిచ్చినవ్ గద."

నేను గబగబా వడ్డించడం మొదలుపెట్టాను. మొండయ్య అన్నయ్యకు పెట్టాను, ఈయనకు, జోయెల్‌కు, పిల్లకు పెట్టాను. ఆమె ముందుకు వచ్చి గరిటె వంచబోయాను. ఆమె పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకొద్దు వదినె. నాకు ఇయాల ఒక్కపొద్దు."

ఎనిమిదేళ్ళ కోపం ఒక్కసారి పైకొచ్చింది. గరిటె గిన్నెలో పడేశాను.

"బుధవారం ఏ దేవునిదమ్మా? చెప్పు. నేను క్యాలెండర్ చూసుకొనే వచ్చిన. ఎనిమిదేండ్ల సంది చూస్తాన, మా ఇంటికొస్తెనే నీకు ఒక్కపొద్దు. మా చేతిది తింటే మైల పడతానని మొకం మీదనే చెప్పు. మీ బావ పాండురంగం నయం, బాజాప్త తిననని బయట కూసున్నడు. నీ లెక్క నవ్వుకుంట అబద్ధాలు చెప్పలే."

"ప్రమీలా" అన్నారు ఈయన. నేను ఆగలేదు. ఇంకా ఏవో అన్నాను, రాయడానికి కూడా మనసు రావడం లేదు. ఆమె తల వంచుకుని కూర్చుంది. చీర కొంగును వేలికి చుట్టుకుంటోంది.

పద్మలత లేచి నిలబడింది. ఆమె నా ముందు గొంతు పెంచడం ఎప్పుడూ వినలేదు. ఇప్పుడూ పెంచలేదు.

"ఒట్టు పెట్టించుకున్నవ్ గని అమ్మా, ఇగ నేను చెప్త. అత్తమ్మా, మా ఇంట్ల దేవునికి పెట్టకుంట ఎవలు ముట్టరని నేనే చెప్పిన గద. మొదటి దసరాకు మీరు డబ్బా కట్టమ్మకిచ్చిన్రు. అమ్మ బస్సుల ఏడ్సుకుంట పోయింది. అప్పటిసంది మీ ఇంటికొచ్చినప్పుడల్ల మీ వంతు ముందుగాల తీస్తది, దేవునికి పెట్టకముందే. వియ్యపురాలు తినాలె గద అని. దేవుని కంటె ముందు మనిషికి తీసిన గద, తప్పు చేసిన గద అని ఆ దినం పొద్దూకేదాక పచ్చి మంచినీళ్ళు ముట్టది. పొద్దూకినంక ఇంటికి పోయి, దండం పెట్టుకొని, అప్పుడు తింటది. ఇయాల గూడ కోడికూతకు లేసి చేసింది."

స్టవ్ గట్టు పట్టుకున్నాను.

మొండయ్య అన్నయ్య ముద్ద పక్కన పెట్టాడు. "తలుపు దగ్గరేసి కాలుస్తది చెల్లె. మా అన్న చూస్తే ఊరంత చాటింపేస్తడు. నేనన్న, ఎందుకే ఇంత బాధ, ఒట్టిగ పో అని. వియ్యాలోరింటికి ఒట్టిగెట్ల పోతరంటది."

"మరి చెప్పొచ్చు గద" అన్నాను.

మొగిలమ్మ వదినె అప్పుడు నోరు తెరిచింది. "చెప్తే నువ్వు తినవ్ వదినె. నా కోసం ఉపాసం ఉంటాంది, వద్దు అంటవ్. నువ్వు తింటానవ్ గద అని నాకు మంచిగుండె."

నేను తినలేదు. ఎనిమిదేళ్ళలో ఒక్క ముక్క తినలేదు.

పద్మలత అడిగింది, "ఇయాల్టి డబ్బా ఏది అత్తమ్మా?"

నా తరఫున వదినే చెప్పింది. "నేను సూసిన తియ్యి. ఆ డ్రైవర్‌కు ఆకలై ఉంటది."

ఆమె నిద్రపోలేదు. అంతా చూసింది. చూసి కూడా పిల్లతో ఊర్లో మర్చిపోయానని చెప్పింది.

అక్కడ ఉండలేక లోపలికొచ్చాను. నా మీద నాకు అసహ్యంగా ఉంది. పక్క గదిలో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడుతోంది. నేను అన్నం ముట్టలేదు. ముట్టబుద్ధి కాలేదు.

మే 22, గురువారం, పొద్దున

అందరూ పార్కుకు తయారవుతున్నారు. రూతు అప్పుడే రెండుసార్లు బూట్లు వేసి విప్పింది. పులిహోర కలిపి పెట్టి, నిన్న సాయంత్రం సంగతి రాసుకుందామని కూర్చున్నాను.

నేను ఇంకా అంత మంచిదాన్నేం కాలేదు. రాత్రి పడుకుని కూడా లెక్కలు వేశాను. పాండురంగం మారలేదు, మారడు. స్టాఫ్ రూములో నేను చూసింది అబద్ధం కాదు. నీళ్ళ సీసా సంగతి పద్మలత చెప్పనూ లేదు, నేను అడగనూ లేదు. అడిగితే పొద్దూకాక దారిలో గొంతు తడుపుకోవడానికి అంటుందేమో. అదే నిజమేమో. నమ్మడం నాకు అలవాటు లేదు, నేర్చుకోవాలి. గృహప్రవేశం గురించి నేనన్న మాట ఈయన ఎత్తలేదు. పడుకునే ముందు నేనే అన్నాను, కొత్త చీర కొనాలని. సరేనన్నారు.

సాయంత్రం సంగతి.

పొద్దుగూకే వేళకు వంటింట్లోకి పోయాను. పద్మలత వస్తానంది, వద్దన్నాను. మధ్యాహ్నానివి మిగిలినా ముట్టుకోకుండా మళ్ళీ అన్నం పెట్టాను, పప్పు ఉడకేశాను, పచ్చిపులుసు కలిపాను. వదినె కాళ్ళు చేతులు కడుక్కుని వచ్చి చాప మీద కూర్చుంది. ముఖం వాడిపోయి ఉంది. అరవై దాటిన మనిషి, పొద్దున కోడికూత నుంచి నీళ్ళు కూడా లేవు.

"నువ్వు గూడ తినలేదట. పద్మ చెప్పింది. ఎందుకు వదినె?" అంది.

"ఆకలి కాలే."

ఆమె నవ్వలేదు, నేనూ నవ్వలేదు. క్షమించమని అడగాలనుకున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పిన నోరు, ఆ ఒక్క మాటకు రాలేదు.

గిన్నె తెచ్చి మధ్యలో పెట్టి మూత తీశాను. ఆమె కళ్ళు గిన్నె మీదికి పోయాయి. తర్వాత ఆ అద్దె ఇంటి గోడలన్నీ ఒకసారి చూశాయి, దేవుని మూల కోసం వెతికినట్టు. అంతలో నేనున్నానని గుర్తొచ్చి పళ్ళెం ముందుకు జరుపుకుంది. ఇంకొక తప్పు చేయడానికి సిద్ధపడింది. రేపు దీనికి కూడా ఒక్కపొద్దు ఉంటుంది, నాకు తెలుసు.

నేను ఆమె పళ్ళెంలో వడ్డించలేదు. చిన్న గిన్నెలో మొదటి గరిటె అన్నం, పైన కొంచెం పప్పు వేసి ఆమె చేతిలో పెట్టాను.

"ముందుగాల మీ దేవునికి పెట్టుకో వదినె."

ఆమె ఆ గిన్నె పట్టుకుని నన్నే చూసింది. "దేవునికి పెట్టినంక అదే అన్నం నువ్వు గూడ తినాలె గద."

"తెలుసు."

"మీకు పనికిరాదు గద వదినె."

"నువ్వు పెట్టు. నా దేవునితోని నేను మాట్లాడుకుంట."

ఆమె లేచి పడమటి కిటికీ దగ్గరికి పోయింది. గిన్నె గట్టు మీద పెట్టి చేతులు జోడించింది. నేను కూర్చున్నచోటనే కళ్ళు మూసుకున్నాను. ఏం ప్రార్థించానో ఇక్కడ రాయను. ఇది తప్పో కాదో నాకు తెలియదు. పాస్టరు గారిని అడగదలుచుకోలేదు.

కళ్ళు తెరిచేసరికి ఆమె వచ్చి ఎదురుగా కూర్చుని ఉంది, నా కోసం ఆగి. ఇద్దరికీ ఒకే గిన్నెలోంచి పెట్టాను. ఆమె మంచినీళ్ళు తాగింది, నేను మా ఇంటి నుంచి తెచ్చిన చెంబులోవే. తర్వాత కలుపుకుని తిన్నది. మెల్లగా, తల ఎత్తకుండా, ఆకలిగా తిన్నది. నేనూ తిన్నాను. పప్పులో ఉప్పు తక్కువైంది, ఇద్దరం ఆ మాట అనలేదు.

సగం తిన్నాక ఆమె పళ్ళెం నా వైపు జరిపింది.

"పచ్చిపులుసు ఇంకింత పొయ్యి వదినె."

ఎనిమిదేళ్ళలో ఆమె నన్ను ఏదైనా అడగడం ఇదే మొదటిసారి. నాకు కళ్ళు మసకబారి పళ్ళెం అంచు కనబడలేదు. చాప మీద కూడా పోశాను. ఆమె నా మణికట్టు పట్టుకుని గరిటెను పళ్ళెం మీదికి జరిపింది. "ఇటు" అంది.